అరువు మాటలు - మా పేర అప్పు

తెలుగు పత్రికకు తెలుగు రాదని మేం అనడం లేదు. కాంట్రాక్టరును గుత్తేదారు అన్న పత్రికలున్నాయి. ఇంటర్నెట్టు అంతర్జాలం అయింది. ఎడిటోరియల్ సంపాదకీయం అయింది, బ్యానర్ హెడ్డింగు పతాక శీర్షిక అయింది. తలుచుకుంటే ఏ మాటనైనా తెలుగు చేయగల సత్తా మన పత్రికలకుంది. మరి 'ఎన్‌కౌంటర్' యాభై ఏళ్లు దాటినా ఎన్‌కౌంటర్‌గానే ఎందుకు ఉండిపోయింది? 'స్లీపర్ సెల్', 'మాడ్యూల్', 'లింకులు' - వీటిని తెలుగు చేయాలని ఎవరికీ ఎందుకు తోచలేదు? సినిమావాళ్లు 'నేటివిటీ', 'బ్యాలెన్స్', 'గెటప్' అన్న మాటల్ని ఇంగ్లీషులోనే ఎందుకు అట్టిపెట్టుకున్నారు?

మాకు తోచిన జవాబు ఒకటే. తెలుగులో చెప్పాలంటే ఎవరు, ఎవర్ని, ఏం చేశారో చెప్పాల్సి వస్తుంది. ఇంగ్లీషు మాటతో ఆ పని తప్పుతుంది.

ఇది ఇంగ్లీషు మీద కోపం కాదు. భాష కల్తీ అయిందన్న ఏడుపు అసలే కాదు. ఆ ఏడుపు మాకు నప్పదు. కాగితం, కలం, దస్తావేజు, తహసీలు, ఖాళీ, తయారు - ఇవన్నీ పార్సీ, అరబీ, ఉర్దూల మీదుగా వచ్చి తెలుగైపోయిన మాటలు. మా ఇళ్లలో మేం మాట్లాడేదీ కలగలిసిన భాషే. శుద్ధ భాష పేరుతో వెక్కిరింతలు పడ్డవాళ్లం కనుక శుద్ధ భాష కోసం మేం పోట్లాడం. కెమెరా, టికెట్టు, హీరో, విలన్, రిపోర్టరు - ఇవి ఉండనీ. పల్లెటూరి ముసలమ్మకు కూడా తెలిసిన మాటలు. మా పేచీ వేరే మాటలతో. మనిషి మీద తీర్పు చెప్పేసి, చెప్పనట్టు నటించే మాటలతో.

ఈ మాటలు పత్రికలోకి ఎట్లా వస్తాయో డెస్కు మీద పనిచేసిన ఎవర్నడిగినా చెప్తారు. పోలీసు అధికారి విలేకరుల్ని పిలుస్తాడు, ప్రెస్‌నోట్ ఇస్తాడు. ఏజెన్సీ వార్త ఇంగ్లీషులో వస్తుంది. ఎడిషన్ టైం దగ్గర పడుతుంటుంది. సబ్‌ఎడిటరు ఆ మాటను తెలుగు లిపిలోకి ఎక్కించి పంపేస్తాడు. రాత్రి వరకు అది పోలీసుల మాట. పొద్దుటికల్లా కొటేషన్ గుర్తులు రాలిపోయి పత్రిక మాట అవుతుంది. టీవీలో స్క్రోలింగ్ అవుతుంది. ఏడాది తిరిగేసరికి సినిమాలో డైలాగు. ఆ మాట మొదట ఎవరి నోట్లోంచి వచ్చిందో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

స్లీపర్ సెల్ అంటే ఏమిటి? ఇప్పటికింకా ఏ నేరమూ చేయని, అందరిలాగే బతుకుతున్న మనిషి, ఎప్పుడో చేస్తాడన్న అనుమానం. పంక్చర్ షాపు నడుపుకోవడం, ఇంజనీరింగు చదవడం, ఐదు పూటలా నమాజు చేయడం, ఎవరితోనూ గొడవ పెట్టుకోకపోవడం - తెలుగులో ఇవి బుద్ధిమంతుడి లక్షణాలు. ఈ మాట నీడ పడితే ఇవే ఆనవాళ్లవుతాయి. ఏమీ చేయకపోవడమే రుజువైనప్పుడు ఆ మనిషి ఇక దేన్ని చూపి తన నిర్దోషిత్వం చెప్పుకోవాలి? అట్లాంటి ముఠాలు లోకంలో లేవని మేం అనం. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో చనిపోయినవాళ్లలో మా ఊరివాళ్లూ ఉన్నారు. ఆ కేసులో 2018లో కోర్టు శిక్షలు వేసింది. సాక్ష్యం విని కోర్టు వేసిన శిక్ష వేరు. ప్రెస్‌నోట్ చూసి శీర్షిక వేసిన ముద్ర వేరు.

'లింకు' సంగతి చూడండి. తెలుగులో సంబంధం అంటే ఏం సంబంధమని అడుగుతాం. చుట్టరికమా, స్నేహమా, డబ్బు ఇచ్చిపుచ్చుకోవడమా, కలిసి నేరం చేయడమా? 'ఉగ్ర లింకులు' అన్నాక ఇవేవీ చెప్పనక్కర్లేదు. ఫోన్‌లో నంబరుంటే లింకు. పక్క గదిలో అద్దెకుంటే లింకు. మేనమామ కొడుకైతే లింకు. ఒకడు పట్టుబడితే వాడి ఊరంతటికీ లింకు అంటుకుంటుంది. ఆ ఊరి పేరు చెప్పి పట్నంలో గది అద్దెకడగడానికి మా పిల్లలు జంకుతారు.

2020 మార్చిలో ఈ మాట పక్కన మా మాట ఒకటి చేరింది. మర్కజ్ అంటే కేంద్రం, అంతే. ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లిగీ జమాత్ మర్కజ్‌కు వెళ్లొచ్చినవారిలో కరోనా బయటపడింది. వారిలో ఆరుగురు తెలంగాణలో చనిపోయారని ప్రభుత్వం మార్చి 30న ప్రకటించింది. రోగం నిజం, జనం గుమిగూడటం వల్ల ప్రమాదం జరిగిందన్నదీ నిజం. ఆ నిజం చెప్పడానికి 'కరోనా జిహాద్' అనే మాట అక్కర్లేదు. కానీ ఆ మాట పుట్టింది, 'మర్కజ్ లింక్' పుట్టింది. ఆస్పత్రిలో ఉన్న రోగి కాస్తా ముద్దాయి అయ్యాడు. మర్కజ్‌కు వచ్చిన విదేశీయుల మీద కేసులను 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి కొట్టేసింది. వాళ్లను బలిపశువులను చేశారన్నది, మీడియాలో జరిగిన ప్రచారాన్ని కూడా తప్పుపట్టింది. తీర్పు వచ్చేనాటికి మా కూరగాయల బండ్లవాళ్లు పేరు చెప్పి అమ్ముకోలేని రోజులు చూసేశారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. 2007 మే 18న, జుమా నాడు, మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లు చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరికొందరు చనిపోయారు. ఆ నెలల్లోనే పదుల సంఖ్యలో ముస్లిం యువకుల్ని పట్టుకుపోయారు. అప్పటి వార్తల్లో ఒక మనిషి ఎన్ని పేర్లు మారాడో చూడండి. పొద్దున అనుమానితుడు, మధ్యాహ్నం నిందితుడు, రాత్రి తొమ్మిది గంటల వార్తలకు ఉగ్రవాది. చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణల మీద రాష్ట్ర మైనారిటీల కమిషన్ విచారణ చేయించింది. కేసులు కోర్టులో నిలబడలేదు. నిర్దోషులుగా బయటికొచ్చినవారికి చివరికి ప్రభుత్వమే మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇచ్చింది. పుట్టి పెరిగిన బస్తీలో, తాతల నాటి ఇంట్లో ఉంటూ, నేను మంచివాణ్నని సర్కారు కాగితం చూపించుకోవాల్సిన గతి ఎవరికి పట్టాలి?

ఇంగ్లీషు పత్రికా రచనలో 'అలెజ్డ్' అనే మాటుంది. రుజువు కాలేదు, ఆరోపణ మాత్రమే అని ఆ ఒక్క మాట ప్రతి వాక్యంలో గుర్తుచేస్తుంది. 'కరెక్షన్' ఉంది, 'రిట్రాక్షన్' ఉంది. నిన్న రాసింది తప్పు, వెనక్కి తీసుకుంటున్నాం అని చెప్పే మాటలవి. ఇంగ్లీషు పత్రికలు వీటిని ఎప్పుడూ నిజాయితీగా వాడాయని మేం అనడం లేదు. కానీ ఆ మాటలు అక్కడున్నాయి. స్లీపర్ సెల్ వచ్చిన దారిలోనే అవీ రావచ్చు కదా, ఎందుకు రాలేదు? టెర్రరిస్టు వచ్చాడు, మాస్టర్ మైండ్ వచ్చాడు, మాడ్యూల్ వచ్చింది. అలెజ్డ్ మాత్రం సరిహద్దు దాటలేదు. కత్తిని అరువు తెచ్చుకుని ఒరను అక్కడే వదిలేసి వచ్చినట్టుంది మన పత్రికల వ్యవహారం. అరువు తెచ్చుకున్నది వాళ్లు. అప్పు మాత్రం మా పేర నడుస్తోంది.

మక్కా మసీదు కేసు అక్కడితో ఆగలేదు. దర్యాప్తు సంస్థలు తర్వాత హిందూత్వ బృందాలకు చెందినవారి మీద అభియోగాలు మోపాయి. 2018 ఏప్రిల్ 16న హైదరాబాద్‌లో ఎన్ఐఏ కోర్టు స్వామి అసీమానందతో సహా విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులన్నది. ఆ మధ్యకాలంలో, 2010లో, కేంద్ర హోంమంత్రి నోట 'శాఫ్రన్ టెర్రర్' అన్న మాట వచ్చింది. ఆ మాట వచ్చిందో లేదో దేశమంతా గగ్గోలు. కొందరు చేసిన పనికి ఒక రంగును, ఒక మతాన్ని నిందిస్తారా అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆ మాట మాకూ వద్దు. 'ఇస్లామిక్ టెర్రర్' అన్నప్పుడు ఇదే ప్రశ్న ఇంత గట్టిగా ఎందుకు వినబడలేదన్నదే మా బాధ.

ఎన్‌కౌంటర్ అంటే ఇంగ్లీషులో ఎదురుపడటం. మన దగ్గర శ్రీకాకుళం రోజుల నుంచి దానికి పోలీసు చేతిలో చావు అని అర్థం. ఎమర్జెన్సీ కాలపు చావుల మీద 1977లో తార్కుండే కమిటీ విచారించింది. పౌరహక్కులవాళ్లు 'బూటకపు ఎన్‌కౌంటర్' అంటూ వచ్చారు. ఆ విశేషణం వాళ్ల గెలుపు కాదు, వాళ్లకు పడ్డ భారం. బూటకం అని రుజువు చేసుకోవాల్సింది చచ్చినవాడి తరఫువాళ్లే అయ్యారు. ముందు మాట లేని ఉత్త ఎన్‌కౌంటర్ నిజమైపోయింది. తెలుగులో ఎదురుకాల్పులు అనే మాట లేకపోలేదు. అది వాడితే అవతలివాడి తుపాకీ ఏదని పాఠకుడు అడుగుతాడు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యానులోనే తూటాలకు చనిపోయారు. బేడీలతో సీట్లలో ఒరిగిపోయిన శవాల ఫోటోలు అచ్చయ్యాయి. వాళ్ల మీద ఉన్నవి చిన్న ఆరోపణలు కావు, పోలీసుల్ని చంపారన్న కేసులున్నాయి. తేల్చడానికే కదా కోర్టుకు తీసుకెళ్తున్నది. 'ఎన్‌కౌంటర్‌లో హతం' అన్న శీర్షికలో చంపినవాడు ఉండడు. కర్త లేని వాక్యం అది. అదే రోజు శేషాచలం అడవుల్లో ఇరవై మంది కూలీలు చనిపోతే వాళ్లకూ ఇదే మాట. ఇది మా కోసం పుట్టిన మాట కాదు. ఆదివాసీల మీద, దళితుల మీద, పేద రైతుల మీద పెరిగి మా దాకా వచ్చింది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని కాల్చినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. అది కావాలని చంపడమేనని సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. అప్పటికే 'ఎన్‌కౌంటర్ చెయ్యాలి' అన్నది ప్లకార్డుల మీద డిమాండు.

కర్తను దాచే మాటల్లో మాకు అన్నిటికన్నా పాతది 'పోలీస్ యాక్షన్'. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు హైదరాబాద్ సంస్థానం మీదికి నడిచింది సైన్యం. దాని అసలు పేరు ఆపరేషన్ పోలో. ట్యాంకులతో వచ్చినదానికి పోలీస్ యాక్షన్ అని పేరు పెట్టారు. పోలీసు అన్నాక అది ఇంటి వ్యవహారం, యాక్షన్ అన్నాక అది చేయాల్సిన పని. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా జరిగిన హత్యల్లో 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయన్నది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంట పడలేదు.

రజాకార్ల దుర్మార్గాన్ని మేం దాచం, వెనకేసుకురాం. బైరాన్‌పల్లి ఏం చూసిందో తెలుసు. భారతదేశంలో కలవాలని రాసినందుకు 'ఇమ్రోజ్' ఎడిటర్ షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లే చంపారు. ఆయన మా మనిషి, పత్రికా రచయిత. 2024 మార్చి 15న ఈ చరిత్ర మీద ఒక తెలుగు సినిమా విడుదలైంది. పేరు 'రజాకార్'. కింద ఉపశీర్షిక ఇంగ్లీషులో: 'ది సైలెంట్ జెనోసైడ్ ఆఫ్ హైదరాబాద్'. జెనోసైడ్ అన్నది 1944లో పుట్టిన మాట. 1948 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఒప్పందం దానికి చట్టంలో అర్థం చెప్పింది. బరువైన మాట. ఒక ఏడాదిలో రెండు రకాల చావులు జరిగాయి. ఒకదానికి పోస్టరు మీద జెనోసైడ్. ఇంకోదానికి పాఠ్యపుస్తకంలో యాక్షన్. ఏ చావుకు ఏ మాట దక్కాలో ఎవరు నిర్ణయించారు? తెలుగులో రెండిటికీ ఒకే మాట చాలు. మనుషుల్ని చంపారు. ఎవరు, ఎక్కడ, ఎందరిని అన్నది ఆ తర్వాత రాయాలి.

సినిమా దగ్గరికి వచ్చాం కనుక వాళ్ల మాటలూ చూద్దాం. తెలుగు సినిమా తన బొమ్మల్ని మొదట తెలుగులోనే విడదీసుకుంది - పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం. హిందీవాళ్లు 'ముస్లిం సోషల్' అని ఇంకో అర పెట్టారు. 'చౌదవీ కా చాంద్' (1960), 'మేరే మెహబూబ్' (1963) ఆ అరలోవి. అందమైన బొమ్మలే. కానీ పేరు వినండి. మామూలు సోషల్ అంటే అందులో ముస్లిం లేడని చెప్పకనే చెప్పడం. మా పెళ్లి, మా చావు, మా అప్పు సంఘంలోవి కావు, మా అరలోవి.

తెలుగు సినిమాకు ఆ అర కూడా అక్కర్లేకపోయింది. దానికి 'నేటివిటీ' ఉంది. ఇంగ్లీషులో ఆ మాటకు పుట్టుక అని అర్థం. మనవాళ్లు దానికి మట్టివాసన అనే అర్థం తొడిగారు. కథలో నేటివిటీ లేదంటే పచ్చని చేను, గుడి, ముగ్గు, రచ్చబండ పెట్టమని. బాగానే ఉంది. కానీ అదే ఊళ్లో పీర్ల చావిడి ఉంటుంది. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరు వెంట నడిచేవాళ్లలో ఎక్కువమంది హిందువులు. దేవుని కడపలో ఉగాదినాడు బీబీ నాంచారమ్మ పుట్టింటివాళ్లుగా ముస్లింలు వెంకన్న గుడికి వస్తారు. పెళ్లి సీనులో నేటివిటీ కోసం మోగించే నాదస్వరాన్నే తీసుకోండి. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ఆ విద్యను తరతరాలుగా కాపాడినవాళ్లలో షేక్‌ల కుటుంబాలున్నాయి. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా పేరు వినని నాదస్వర కచేరీ లేదు. సన్నాయి కావాలి, ఊదే షేకు ఫ్రేములో ఉండడు. మట్టివాసన అని తెలుగులో అంటే ఆ మట్టి మీద ఎవరెవరున్నారని లెక్క చెప్పాల్సి వచ్చేది. నేటివిటీకి ఆ లెక్క లేదు.

ఉండాల్సి వచ్చినప్పుడు మేం 'గెటప్'లో ఉంటాం. టోపీ, సుర్మా, మెడలో తాయెత్తు, తెలుగును విరగ్గొట్టే మాట. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లకు గెటప్ లేదు కనుక తెర మీద వాళ్లు లేరు. విలన్‌గా వచ్చినప్పుడు ఇంకో మాట అందుకుంటారు - 'బ్యాలెన్స్ చేశాం'. 2002లో వచ్చిన 'ఖడ్గం' ఇందుకు పేరున్న ఉదాహరణ. అందులో ప్రకాశ్‌రాజ్ వేసిన అంజాద్ దేశభక్తుడు, అతని తమ్ముడు ఉగ్రవాది. దర్శకుడి మనసు మంచిదే కావచ్చు, అంజాద్ పాత్రకు హాల్లో చప్పట్లు పడ్డాయి. మా అభ్యంతరం బ్యాలెన్స్ మీద. తెలుగులో బ్యాలెన్స్ అంటే తూకం. ఆ తక్కెడలో ఒక సిబ్బెలో ఉగ్రవాది, ఇంకో సిబ్బెలో దేశభక్తుడు. రెండు సిబ్బెల్లోనూ మేమే. తక్కెడ పట్టుకున్న చెయ్యి మాది కాదు. ఏ సిబ్బెలోనూ కూర్చోకుండా ఊరికే బతికే ముస్లిం, అద్దె కట్టలేక సతమతమయ్యేవాడు, అత్తతో పోట్లాడే ఆడపిల్ల - వాళ్లకు తూకం అక్కర్లేదు కనుక కథా లేదు.

'బేస్డ్ ఆన్ ట్రూ స్టోరీ' అనేది ఇంకో మాట. 2023లో 'ది కేరళ స్టోరీ' అనే హిందీ సినిమా 32,000 మంది అమ్మాయిల లెక్కతో ప్రచారానికి దిగింది. ఆ అంకెకు నమ్మదగిన ఆధారం లేదని, ఇది కల్పన అని తెర మీద చెప్పాలని మే 18న సుప్రీంకోర్టు అనాల్సి వచ్చింది. దాన్ని 'డిస్‌క్లెయిమర్' అంటారు. కొన్ని క్షణాలు కనబడి పోయే అక్షరాలు. రెండు గంటల బొమ్మ మాత్రం మనసులో ఉండిపోతుంది. 'లవ్ జిహాద్' అన్న మాటకు చట్టంలో నిర్వచనం లేదని 2020 ఫిబ్రవరి 4న లోక్‌సభలో చెప్పింది కేంద్ర హోంశాఖ సహాయమంత్రి కిషన్‌రెడ్డి, సికింద్రాబాద్ ఎంపీ. నిర్వచనం లేని ఆ మాట ఆ తర్వాత కూడా శీర్షికల్లోంచి దిగలేదు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఇష్టపడి పెళ్లి చేసుకున్నారని తెలుగులో రాస్తే అది వార్తే కాకుండా పోతుందేమో.

లౌకికవాద మిత్రులు ఇక్కడ ఒకటి అడగొచ్చు. మీరు మాత్రం 'మైనారిటీ', 'సెక్యులర్' అని ఇంగ్లీషు వాడటం లేదా అని. వాడుతున్నాం. అల్పసంఖ్యాకులు అన్న మాట మాకు రుచించలేదు. తెలుగులో అల్పుడు అంటే సంఖ్య తక్కువవాడని మాత్రమే కాదు కదా. ఆ మాటలోని చిన్నచూపు నుంచి తప్పుకోవడానికి ఇంగ్లీషు మాట కిందికి చేరాం. అంటే ఇంగ్లీషు మాట నీడా ఇవ్వగలదు, నింద కూడా మోపగలదు. అందుకే మేం అడిగేది ఇంగ్లీషును వెళ్లగొట్టమని కాదు. ఆ మాట ఎవరి పని చేస్తున్నదో చూడమని.

మేం అడుగుతున్నవి పెద్ద కోర్కెలు కావు. ఏ పత్రికా ఆస్తులమ్మి తీర్చాల్సినవి కావు. పోలీసు చెప్పిన మాటను పోలీసు చెప్పాడనే రాయండి, ఆ గుర్తులు తీసేయకండి. ఎవరైనా చనిపోతే ఎవరి తూటాకు చనిపోయారో రాయండి. లింకు అనే ముందు అది ఏ సంబంధమో చెప్పండి, చెప్పలేకపోతే ఆ మాట వదిలేయండి. పట్టుకున్నప్పుడు మొదటి పేజీలో ఫోటో వేసినవాణ్ని కోర్టు వదిలేసినప్పుడు అదే పేజీలో, అంతే అక్షరాలతో వేయండి. సినిమా తీసేవాళ్లు నేటివిటీ రాసుకునేటప్పుడు ఆ ఊళ్లో ఎవరెవరు ఉన్నారో ఒకసారి ఊళ్లోకి వెళ్లి చూడండి.

చదివేవాళ్లుగా మనం చేయగలిగింది కూడా ఉంది. రేపు పొద్దున పత్రికలో ఇట్లాంటి మాట కనబడితే దాన్ని ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పిచూడండి. 'ఎన్‌కౌంటర్ జరిగింది' అని కాకుండా, ఎవరు ఎవర్ని చంపారో చెప్పండి. 'స్లీపర్ సెల్ గుట్టురట్టు' అని కాకుండా, ఫలానా కుర్రాడు ఫలానా పని చేశాడని పోలీసులు అంటున్నారని చెప్పండి. చెప్పగలిగితే అది వార్త. చెప్పలేకపోతే అక్కడ ఇంకా ఏదో తెలియాల్సి ఉందన్నమాట. అది తెలిసేదాకా ఆ కుర్రాడు మన వీధివాడే.